చూడకుండా రాసిన బీపీ

మేము బీపీ చూడకుండానే బీపీ రాసేవాళ్ళం. ఒక రోజో, రద్దీగా ఉన్న ఒక వారమో కాదు, ఏళ్ళ తరబడి రాశాం. నేను రాశాను. నాకన్నా ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు రాశారు. మేము రాసింది చదివినవాళ్ళు ఇదేమిటని అడగలేదు. ఆ రాతల్లో ఒకటి మా అక్క భర్త పేరు మీద ఉంది. ఆయన ఇప్పుడు లేడు.

ఇంకొకరు చెబితే విని, నా మీద నాలుగు మాటలు అనుకునే బదులు నేను రాస్తే చదవండి. ఇవాళ డిస్పెన్సరీల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. మీ చేతుల్లో మీట నొక్కితే అంకె చూపించే మిషన్లున్నాయి. అంకె మిషన్ చూపిస్తుంది గాని, రాసేది మాత్రం ఇప్పటికీ చెయ్యే. అది మరిచిపోకండి.

నేను గోదావరిఖని దగ్గర ఒక కాలనీ డిస్పెన్సరీలో డ్రెస్సర్‌గా పనిచేశాను. గాయాలు కడగడం, కట్లు కట్టడం, బీపీ చూడడం నా పని. అంతకు ముందు ఆరేళ్ళు బాయిలో ఉన్నాను. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. బొగ్గు మోసే ఇనుప టబ్బు తగిలి మోకాలు పోయాక నన్ను పైకి తెచ్చి డిస్పెన్సరీలో వేశారు. చదివింది నాలుగో తరగతి. తక్కిన చదువంతా మందుల పెట్టెల్లో వచ్చే కాగితాలూ, డాక్టర్లు బదిలీ మీద పోతూ వదిలేసిన పాత పుస్తకాలూ చెప్పినదే. ఒక్కో మాట కూడబలుక్కుని చదివాను. గుండె నాలుగు గదులని ఎవరూ చెప్పకుండా తెలుసుకున్న రోజు నాకు పండగ. అంత చదువు చదివిన నేనే ఈ పని చేశాను.

ఎట్లా మొదలైందో చెబుతాను. మొదటి షిఫ్టు వదిలితే బాయి మీద నుంచి జనం ఒక్కసారి వచ్చి పడేవారు. దగ్గుకు వచ్చినవాడు, వేలు నలిగినవాడు, కళ్ళలో బొగ్గు నలుసు పడ్డవాడు. ప్రతి చిట్టీ మీద బీపీ అని ఒక గడి ఉండేది. గడి ఖాళీగా ఉంటే లోపల డాక్టరు గారు చిట్టీ వెనక్కి పంపేవారు. పాదరసం మిషన్ ఒక్కటే. దాని రబ్బరు బుడ్డి పగిలి, ఎంత ఒత్తినా గాలి సగం బయటికే పోయేది.

మా కాంపౌండరన్న నాకన్నా సీనియర్. నవ్వించకుండా మాత్ర చేతిలో పెట్టని మనిషి. నేను చేరిన నెలలోనే నాకు ఉపాయం చెప్పాడు.

"తమ్మీ, గట్ల ఒక్కొక్కనికి పట్టీ సుట్టుకుంట కూసుంటే మనకు పొద్దుగూకుతది. పొద్దుగాల చాయ్ తాగుకుంట వంద చిట్టీల మీద నూటా ఇరవై, ఎనభై రాసిపెట్టుకో. వచ్చినోనికి పేరు రాసి ఇయ్యి, అయిపాయె."

"అందరికి ఒక్కటే ఉంటదా అన్నా?"

"ఉండది. అందుకే నడుమ నడుమ నూటా పద్దెనిమిది, నూటా ఇరవై నాలుగు కలుపు. పప్పుల పోపేసినట్టు."

నవ్వాను. నవ్వి, రాశాను. కొన్నాళ్ళకు ఆ పోపు వేయడంలో నాది అందె వేసిన చెయ్యి అయింది. వరసగా రెండు చిట్టీల మీద ఒకే అంకె పడకుండా చూసుకునేవాణ్ణి. ఆ శ్రద్ధలో సగం మిషన్ బాగుచేయించడానికి పెట్టి ఉంటే సరిపోయేది.

ఒక్క మా బద్ధకమే అయితే ఎవరో ఒకరు తిరగబడేవారు. కార్మికులకు కూడా అదే కావాలి. బీపీ ఉందని కాగితం మీద పడితే అన్‌ఫిట్ చేస్తారని, బాయిలోంచి తీసి పైన ఏదో ఆఫీసు ముందు చీపురు పట్టిస్తారని అందరికీ భయం. మందమర్రిలో ఒకాయనకు అట్లాగే అయిందట. బాయి కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే టింబర్ పనిలో పులి లాంటి మనిషట. బీపీ ఉందని రాయగానే తెల్లారి నుంచి చాయ్ గ్లాసులు మోయించారట. ఈ కథ చెప్పని షిఫ్టు లేదు, విననివాడు లేడు. అందుకని మా డిస్పెన్సరీ అంటే అందరికీ ప్రేమ. "మన దవాఖాన మంచిది, ఎవ్వలికి బీపీ ఉండది" అని మెచ్చుకునేవారు.

నేను రిటైరు కావడానికి నాలుగేళ్ళ ముందు కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న పిల్ల. నన్ను అంకుల్ అనేది. వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, లోపలి నుంచి నన్ను పిలిచింది. ఎదురుగా ఒకామె ఏడాదిన్నర పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాపకు జలుబు.

"అంకుల్, ఈ పాపకు బీపీ మీరే చూశారా?"

చిట్టీ నా ముందు పెట్టింది. పాప పేరు. పక్కన నా అందమైన దస్తూరీలో నూటా ఇరవై, ఎనభై.

పాప చెయ్యి నా బొటనవేలంత ఉంది. ఆ చేతికి మా పట్టీ చుడితే పాప మొత్తం అందులో పడుతుంది. వెనక నిలబడ్డ కాంపౌండరన్న, "మేడం, పోరి జర పెద్దమనిషి తీరుగనే ఉంటది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళమ్మ కూడా నవ్వలేదు.

డాక్టరమ్మ పై ఆఫీసుకు రాయలేదు, అరవలేదు. రాసిపెట్టిన చిట్టీల కట్ట తెప్పించి నా చేతనే చింపించింది. "ఇక మీదట చూడకుండా రాయనని నాకు మాటివ్వండి" అంది. ఇచ్చాను. మరునాడు తన సొంత మిషన్ ఇంటి నుంచి తెచ్చింది. ఒక నోటుబుక్కులో గళ్ళు గీసింది. బీపీ, షుగరు, తంబాకు, నడుం కొలత, ఇంట్లో ఎవరైనా గుండెపోటుతో పోయారా. "ఎందుకొచ్చినా సరే, ఎవరొచ్చినా సరే, బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్ళందరికీ చూద్దాం. తోడు వచ్చినవాళ్ళకి కూడా" అంది.

పిల్లలూ, ఇక్కడి నుంచి నా బుద్ధికి నాకే సిగ్గుగా ఉంటుంది. ఆ పుస్తకం నింపే పని నాది. ఏది ఉన్నా, ఏది ఎక్కువున్నా ఆ గడిలో టిక్కు పెట్టాలి. మొదటి రోజు మధ్యాహ్నానికే నా పెన్ను ఆగిపోయింది. దగ్గుకు వచ్చినవాడికి బీపీ. వేలు తెగి వచ్చినవాడికి షుగరు, బీపీ, దవడలో తంబాకు. బాయిలో గ్యాసుంటుంది కనుక బీడీ అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు, అందుకని పొద్దంతా తంబాకు నములుతారు. అది లెక్కలోకి వస్తుందని వాళ్ళకూ తెలియదు, సగం నాకూ తెలియదు. ముప్పయ్యేళ్ళ కుర్రాడు, కబడ్డీ ఆడేవాడు, పంటి నొప్పికి వచ్చాడు. పాదరసం పైకి పోతుంటే నేను పట్టీ విప్పి మళ్ళీ చుట్టాను. మళ్ళీ అంతే.

మోకాళ్ళ నొప్పులకు వచ్చిన ఒక అవ్వ చెయ్యి ఇవ్వనంది.

"నాకెందుకు బిడ్డా గీ పట్టీ? నేనేమన్న బాయిల దిగుతనా?"

"అందరికి చూస్తున్నమే అవ్వా."

"చూసి ఏం చేస్తవు? బీపీ మొగోళ్ళకొస్తది, డూటీ చేసేటోళ్ళకు."

చూశాను. అవ్వకు ఆ వరుసలో అందరికన్నా ఎక్కువ ఉంది. "ఉప్పెక్కువుండే పచ్చళ్ళు, తొక్కు తింటవా అవ్వా?" అని డాక్టరమ్మ అడిగితే, "తొక్కు లేక బువ్వెట్ల దిగుతది బిడ్డా, నువ్వెట్ల తింటున్నవు?" అని ఎదురడిగింది.

వారం చివర పుస్తకం తిరగేస్తే, ఒక్క టిక్కూ లేని పెద్దమనిషి కోసం పేజీలు వెతకాల్సి వచ్చింది. రెండు మూడు టిక్కులున్నవాళ్ళు కోకొల్లలు. వీళ్ళెవరూ గుండె నొప్పని వచ్చినవాళ్ళు కారు. గోరుచుట్టుకూ, గజ్జికీ, పడిశానికీ వచ్చి నా ముందు బెంచీ మీద ఏళ్ళుగా కూర్చుని పోయినవాళ్ళు. ప్రతివాళ్ళకూ నేను నూటా ఇరవై, ఎనభై రాసి పంపించాను.

కాంపౌండరన్న నమ్మలేదు. "మేడం, ఊరందరికి గిట్లుంటదా? మిషనే ఖరాబై ఉంటది" అన్నాడు.

"మీ చెయ్యి ఇవ్వండి, చూద్దాం" అంది డాక్టరమ్మ.

నవ్వుతూ చెయ్యి చాపాడు. ఆమె చూసింది. ఇంకోసారి చూసింది. అంకె చెప్పింది. అన్న స్టూలు మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆ సాయంత్రం దాకా ఎవరితోనూ పరాచికం ఆడలేదు. నా చెయ్యి కూడా చూసింది. నాదీ తక్కువేం కాదు. ఆ రోజు నుంచి మేమిద్దరం మాత్రలు మింగుతున్నాం. మేం డిస్పెన్సరీ వాళ్ళం, బాయిలో దిగేది లేదు, మాకు భయం లేదు. అదీ సంగతి.

మరుసటి వారం మా బావ వచ్చాడు. మా అక్కను ఇచ్చిన బావ, నేను బాయిలో చేరిన మొదటి రోజు నా వెంట నడిచి దారి చూపించిన మనిషి. హాలేజీ దగ్గర, టబ్బులు లాగే తాడు మీద పని. బూట్లలో నీళ్ళు నిలిచి కాలివేళ్ళ సందులు పుండ్లు పడ్డాయి. కాళ్ళు కడిగి మందు రాశాను. పట్టీ చుట్టాను.

పాదరసం పోతూనే ఉంది. ఎక్కడ ఆగుతుందా అని చూస్తున్నాను. ఆగిన చోటు చూసి నా చెవుల్లో గొట్టాలు తీసేశాను.

"ఎంతున్నది బామ్మర్దీ?"

"చానా ఉన్నది బావా. లోపలికి పోదాం పా, మేడంకు చెప్పుదాం."

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"రాయకు."

"గట్లంటే ఎట్ల బావా? ప్రాణం మీదికొస్తది."

"నాకేం కాలేదురా. తల నొయ్యదు, ఏం నొయ్యదు. మూడేండ్లున్నది సర్వీసు. మూడేండ్లు తాడు మీద పని చేసి దర్జాగ దిగిపోత. నువ్వు గిప్పుడు గది రాసినవనుకో, మందమర్రాయన లెక్క చీపురిస్తరు. నా కింద పని నేర్చుకున్న పోరగాళ్ళ ముంగట నేను ఊడ్వాల్నా?"

"బావా..."

"నిన్ను పైకి తెచ్చిన్నాడు ఎంత ఏడ్చినవో నాకెరుక లేదా? ఎవలు ఓదార్చిన్రు నిన్ను?"

ఆయనే ఓదార్చాడు. మోకాలు పోయి నేను పైకి వచ్చిన కొత్తలో, "ఏందిరా, ఆడోళ్ళ కొలువు దొరికినట్టున్నది" అని తోటివాళ్ళు అంటుంటే, వాళ్ళతో కొట్లాడినవాడు మా బావ. ఆ మాట తీశాక పెన్ను తీసుకున్నాను.

నూటా ముప్పై, ఎనభై అని రాశాను. నూటా ఇరవై రాస్తే అనుమానం వస్తుందని పది కలిపాను. పోపు.

ఈసారి చూడకుండా రాయలేదు. చూసి, అబద్ధం రాశాను. డాక్టరమ్మ చిట్టీ చూసి, తలెత్తి నా వైపు చూసి, "మీరే చూశారుగా అంకుల్?" అంది. "చూసిన మేడం" అన్నాను. ఆ మాట నిజమే కావడం ఇప్పటికీ నన్ను తినేస్తుంది. ఆమె పుండ్లకు మందు రాసి పంపింది. బావ బయటికి పోతూ నా భుజం తట్టాడు.

రెండు వారాలు కూడా గడవలేదు. మొదటి షిఫ్టు, పొద్దున తొమ్మిది దాటింది. బావ హాలేజీ దగ్గర కూలబడ్డాడని కబురు వచ్చింది. పైకి తెచ్చి పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. నేను చేరేసరికి అక్కడి డాక్టరు ఆయన జేబులో ఉన్న చిట్టీ చదువుతున్నాడు. "ఈమధ్యే చూపించుకున్నాడే, బీపీ నార్మలే ఉందే" అంటున్నాడు పక్కనున్న సిస్టరుతో. నేను ఆయన ముందుకు పోయాను. నోరు తెరిచి అది అబద్ధమని చెప్పాను. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి లోపలికి పరుగెత్తాడు. మధ్యాహ్నం కాకముందే బావ పోయాడు. గుండె. ముందే చెప్పి ఉన్నా ఆ రోజు బతికేవాడో కాదో ఎవరూ చెప్పలేరన్నారు. ఆ రెండు వారాలు మాత్రలు మింగి ఉంటే? అది నేను ఎవరినీ అడగలేదు.

తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు డాక్టరమ్మ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అసలు అంకె చెప్పాను. ఆమె ముఖం తెల్లబోయింది.

"నాకు చెప్పి ఉంటే మాత్రలు ఇచ్చేదాన్ని అంకుల్. అంతే కదా చేసేది!"

"అన్‌ఫిట్ చేస్తరని భయపడ్డడు మేడం."

"ఎవరు చేస్తారు?"

"కంపెనీ."

"ఏ రూలు కింద?"

ఏ రూలు? ముప్పయ్యేళ్ళుగా అందరం భయపడుతున్న ఆ రూలును నేను ఎక్కడా చదవలేదు. దొరికిన ప్రతి కాగితమూ చదివినవాణ్ణి, అదొక్కటీ చదవలేదు. ఆమె, "నేను కూడా కొత్తదాన్నే, నాకూ ఖాయంగా తెలియదు. కనుక్కోండి" అంది.

దినాలయ్యాక అక్క దగ్గరికి పోయాను. ఇంట్లో ఇంకెవరూ లేని వేళ చూసి పోయాను. చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. అక్క లేచి లోపలికి పోయి, పెద్ద దవాఖానలో బావ బట్టలతో పాటు ఇచ్చిన ఆ చిట్టీ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇంటికొచ్చి గిది చూపిచ్చి నవ్విండురా. 'నీ తమ్ముడే చూసిండు, నేను మంచిగున్న' అన్నడు. అంతకుముందు వారమే మీ దవాఖానకొచ్చి పోయిన అవ్వోళ్ళు చెప్పిన్రు, బీపీ ఉంటే ఉప్పు తగ్గియ్యాల్నని. నేను తగ్గియ్యలే. నువ్వు రాసిన కాయిదమాయె, నేను నమ్మిన."

అక్క నా దస్తూరీ మీద వేలు పెట్టింది.

"ఎందుకు రాసినవ్ తమ్మీ?"

"డ్యూటీ పోతదన్నడు అక్కా. బతిమిలాడిండు."

అక్క తిట్టలేదు, ఏడవలేదు.

"పోతుండెనా? నిజంగ పోతుండెనా?"

నాకు తెలియదన్నాను.

"తెల్వకనే రాసినవా? అయితే తెలుసుకొని రా. అప్పటిదాక నా గడప తొక్కకు."

నా రిటైర్మెంటు దాకా, ఆ తర్వాత కూడా నేను చేసింది అదే. ముందు మందమర్రి పోయాను, ఆ చాయ్ గ్లాసులు మోసిన పులిని వెతుక్కుంటూ. బతికి ఉంటే ఆయన్నే అడుగుదామని. బాయి గేటు ముందు హోటల్లో నలుగురు ముసలివాళ్ళను అడిగాను.

"అట్లాంటాయన ఇక్కడ కాదే కాకా, కాసిపేటల" అన్నారు. "మస్తు తకలీఫ్ పెట్టిన్రు పాపం."

కాసిపేట పోయాను. అక్కడ ఒకాయన ఎంతో బాధపడుతూ కథంతా చెప్పాడు. చీపురు, చాయ్ గ్లాసులు అన్నీ ఉన్నాయి. "పేరేంది? ఇల్లెక్కడ?" అంటే, "ఈడ కాదన్నా, రామగిరి దిక్కు" అన్నాడు. రామగిరి పోయాను. అక్కడివాళ్ళు నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వెక్కడి నుంచి వచ్చినవు? గోదావరిఖనా? ఆయన మీ ఖని ఆయనే కదనే! నీకెరుక లేదా?" అన్నారు.

నేను తిరుగు బస్సులో కూర్చుని నవ్వానో ఏడ్చానో చెప్పలేను. బొగ్గు బాయిలున్న ఈ బెల్టు బెల్టంతా ఒక మనిషిని చూసి భయపడుతోంది. ఆ మనిషి ఎక్కడా లేడు.

అయినా అక్కకు ఆ మాట చెప్పడానికి పోలేదు. ఆయన దొరకనంత మాత్రాన రూలు లేదని కాదు కదా. పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకొకటి రాశాను. స్వయంగా పోతే ఒక క్లర్కు, "పెద్దమనిషీ, రిటైరైనవు గద, ఇంక నీకు ఫికర్ ఏంది? ఇంటికాడ కూసోని మనుమలను ఆడిపియ్యి" అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే సమాచార హక్కు దరఖాస్తు ఎట్లా పెట్టాలో చదివి నేర్చుకున్నాను. కథలేవీ రాయలేదు, బావ పేరు రాయలేదు. ఒక్కటే ప్రశ్న రాశాను: బీపీ గాని, షుగరు గాని ఉన్న కార్మికుణ్ణి బాయి పని నుంచి తీసెయ్యాలన్న రూలు ఉందా? ఉంటే నకలు ఇప్పించగలరు.

నలభై రోజుల తర్వాత రిజిస్టర్ పోస్టు వచ్చింది. పోస్ట్‌మన్ ముందే కవరు చింపాను. నిలబడే చదివి, చెప్పులు తొడుక్కుని నేరుగా అక్క ఇంటికి నడిచాను. గడప బయటే ఆగి, ఆమె వచ్చి నిలబడ్డాక పైకి చదివాను. అందులో ఉన్నది ఇంతే:

"మీ దరఖాస్తులోని ప్రశ్నకు జవాబుగా తెలియజేయునది ఏమనగా, రక్తపోటు లేదా మధుమేహం ఉండి, మందులతో అవి అదుపులో ఉన్న ఉద్యోగిని ఆ ఒక్క కారణంతో గని లోపలి పనికి అనర్హునిగా ప్రకటించవలెనను నిబంధన ఏదీ ఈ కార్యాలయ రికార్డులలో లేదు. గతంలో ఉన్నట్లు కూడా దాఖలా లేదు. కావున నకలు ఇచ్చుటకు వీలు లేదు. ఈ విషయమై ఇంతకు మునుపు మీరు తప్ప ఈ కార్యాలయమును ఎవరూ అడిగి ఉండలేదు."